ఆరని పడుగు

కోపంలో వేసిన ఒట్టు దేవుడి దాకా పోతుందా, లేక వేసిన మనిషి నోటి దగ్గరే ఆగిపోతుందా అన్నది పదేళ్ళుగా యమునాబాయికి తీరని అనుమానం. పురాణం చెప్పడానికి వచ్చే అయ్యవారిని ఒకసారి అడిగింది, తన సంగతని చెప్పకుండా, ఎవరో దూరపు చుట్టం సంగతన్నట్టు. ఆయన కండువా సర్దుకుని, మార్కండేయుడి గుళ్ళో ఒక కొబ్బరికాయ కొట్టించమ్మా, అంతా సర్దుకుంటుంది అన్నాడు. కొబ్బరికాయతో తెగిపోయేదైతే అది ఒట్టెట్లా అవుతుంది, అంత తేలికైనదాన్ని పట్టుకుని మనుషులు ఇన్నేళ్ళు ఎందుకు బతుకుతారు అని అడగాలనుకుంది గాని, అప్పటికే ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాడు. ఇప్పుడు కుంచె పట్టుకుని పడుగు వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తుంటే ఆ అనుమానమూ పక్కనే నడుస్తోంది. అది ఎప్పుడూ అలసిపోదు. తనకే మోకాళ్ళు లాగుతున్నాయి.

సోలాపూర్ భవాని పేట్‌లో తమ గల్లీ పొడుగునా పడుగు పరిచి ఉంది. రెండు చివరలా గుంజలకు బిగించి, నడుమ నడుమ వెదురు కర్రల మీద ఎత్తి నిలిపిన పోగులు జొన్నగంజి తాగి బరువెక్కి, తలంటుకున్న జుట్టులా జారుతున్నాయి. ఇటువైపు తను, అటువైపు కొడుకు దత్తాత్రి. ఇద్దరూ ఒకే అడుగు మీద నడుస్తూ పై నుంచీ కింది నుంచీ కుంచెలతో దువ్వుకుంటూ పోవాలి, మళ్ళీ రావాలి. గంజి ఆరేదాకా చెయ్యి ఆగకూడదు. ఆగితే పోగూ పోగూ అతుక్కుని పడుగంతా తాడైపోతుంది, మగ్గమెక్కాక జానకొకచోట తెగుతుంది. తడి పడుగు దగ్గర నిలబడ్డ మనిషి ఎక్కడికీ పోకూడదు. పొయ్యి మీద పాలు పొంగినా పోకూడదు, గుమ్మంలోకి చుట్టమొచ్చినా పోకూడదు. గంజి పెట్టిన చెయ్యే పడుగు ఆరేదాకా ఉండాలని, నడుమ చెయ్యి మారితే పోగు మాట వినదని యమునాబాయి అత్తగారు చెప్పేది. ఎండ కాస్తే ఇదంతా ఎంతసేపు, రొట్టెలు కాల్చుకునేంత సేపు. ఇవాళ శ్రావణ మాసపు మబ్బు గల్లీ మీదికి దిగి, కప్పు మీద తడి చద్దరు ఆరేసినట్టు కూర్చుంది. గాలి ఆడటం లేదు. పోగు మీద వేలు పెడితే వేలికి గంజి అంటుతోంది. తొమ్మిదిన్నరకు మునిసిపాలిటీ ఈత హౌదులో లలిత ఈదుతుంది.

లలిత మనవరాలు. తల్లి పోయాక ఆ పిల్ల దిగుతున్న మొదటి పోటీ ఇది. పొద్దున గుమ్మంలో నిలబడి, చంకలో తువ్వాలు, జడలు పైకి కట్టుకుని, పడుగు వైపు చూసింది, మబ్బు వైపు చూసింది, తన వైపు చూసింది. "నాయనమ్మా, నువ్వొస్తవేమో అనుకున్న. పడుగేస్తివి గదా. పోనీ లే" అంది. ఆ పోనీ లేలో కోపం లేదు. కోపముంటే బాగుండేది, తనూ రెండు మాటలు అని తేలికపడేది. పన్నెండేళ్ళ పిల్ల పెద్దదాన్ని క్షమించినట్టు పోనీ లే అని, ఎడమకాలు ముందు పెట్టి, చక్కగా నడుచుకుంటూ గల్లీ మలుపు తిరిగింది. ఆ కాలు చక్కగా నడవడం చూస్తే యమునాబాయికి ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. ఎవరికన్నది మాత్రం తేలదు.

ఎదురింటి గుమ్మంలో పార్వతీబాయి ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. వేళ్ళు ఆకు మీద, కళ్ళు గల్లీ మీద. "ఏం యమునక్కా, మొగులు గానొస్తలేదా నీకు? గిసుంటి దినం పడుగెవలన్న దీస్తరా?"

"గంజి పులిసిపోతది. ఏం జెయ్యమంటవ్?"

"గంజి పులుస్తదని రంది వెట్టుకున్నవ్. ఆడ పోరి ఎదురుచూస్తదని లేదా?"

"నీ బీడీలు సూస్కో పార్వతీ. దారం ఊడుతున్నది."

"నా దారం ఊడితె మల్ల సుడత. నీదే ఆరుతలేదు" అని నవ్వింది పార్వతీబాయి. దత్తాత్రి తలెత్తలేదు. వాడు మొదటి నుంచీ అంతే, రెండు మాటలు చెప్పాల్సినచోట ఒక ఊ అంటాడు. పెళ్ళాం పోయినప్పుడు కూడా అంతే, మగ్గం గుంటలో దిగి కూర్చుని పేక కొట్టకుండా నాడెను చేతిలో పట్టుకుని ఉండిపోయాడు, ఎవరో వచ్చి లేపేదాకా.

కుంచె వెళ్ళింది, వచ్చింది. ఈ చప్పుడు వింటుంటే కోడలు మంగళ తల దువ్వుకునే చప్పుడు గుర్తొస్తుంది. ఎప్పుడు చూసినా తడిజుట్టే. కొత్త కోడలిగా వచ్చిన నాడు పీటల మీద కూర్చుంటే పేరంటాళ్ళు ముందు మొహం చూడలేదు, భుజాలు చూశారు. ఎంత వెడల్పు. పట్టు రవిక కుట్టిన దర్జీ, ఈ కొలత అబ్బాయిదా అమ్మాయిదా అని అడిగి పంపాడని ఇంట్లో నవ్వులు. యమునాబాయి కూడా నవ్వింది గాని లోపల ఏదో ముల్లు దిగింది. నీళ్ళకు పంపిస్తే రెండు కడవలు రెండు చేతుల్లో పట్టుకుని, నెత్తిన పెట్టుకోకుండా, చుట్టూ చూస్తూ వచ్చేది. ఆడది అట్లా చుట్టూ చూస్తూ నడుస్తుందా? వాళ్ళ నాయన పెంటప్ప మిల్లులో పనిచేసేవాడు. భార్య చిన్నతనంలోనే పోయింది. పిల్లను ఇంట్లో వదిలిపెట్టడానికి ఎవరూ లేక, హోట్గి రోడ్ అవతల తోటబావికి స్నానానికి పోయేటప్పుడు వెంట తీసుకుపోయేవాడు, గట్టు మీద ఊరికే కూర్చోబెట్టలేక నడుముకు రెండు ఎండు సొరబుర్రలు కట్టి నీళ్ళలో వేసేవాడు. అట్లా అబ్బింది ఈత. కొన్నాళ్ళకు బుర్రలు విప్పేశాడు, పిల్ల మునగలేదు. పూనాలో ఆడపిల్లల పోటీల్లో మొదట వచ్చి కప్పు పట్టుకుని రైలు దిగితే పెంటప్ప మిల్లు బట్టల్లోనే స్టేషన్‌కు పోయి, పిల్లను టాంగాలో కూర్చోబెట్టి తాను పక్కన నడుచుకుంటూ పేటంతా తిప్పాడట. సంబంధం తెచ్చినాయన ఇదంతా చెప్పాడు. పెళ్ళయ్యాక అవన్నీ ఉంటాయా అన్నారు అందరూ. యమునాబాయి కూడా అదే అనుకుంది. పెళ్ళి ఒక కొత్త బట్ట, పాతది విడిచి ఇది కట్టుకుంటారు. ఎవరైనా అంతే కదా.

అవన్నీ ఉన్నాయి. ఎక్కడ దాచిందో, ఎట్లా దాచిందో, పెళ్ళైన ఇంట్లో ఈత ఎక్కడ దాచుకుంటారు? పొద్దున నాలుగు మగ్గాల ఇంటికి నీళ్ళు తోడి, కండెలు చుట్టి, రొట్టెలు చేసి, తర్వాత బడికి పోయేది. ఏడో తరగతి పరీక్ష రాసి ఉన్నందుకు మునిసిపాలిటీ ఆడపిల్లల బడిలో పని దొరికింది. నెలనెలా జీతమొస్తుందని ఇంట్లో ఎవరూ కాదనలేదు. పంతులమ్మను అక్కడ బాయి అంటారు. గల్లీలో పోతుంటే పిల్లలు బాయీ బాయీ అని వెంటపడేవాళ్ళు. తెలుగు ఇళ్ళ పిల్లలకు మరాఠీ అక్షరాలు తిరగక నోట్లో కుక్కుకుంటే, ఊపిరి తీస్కో, మల్ల మొదలువెట్టు అనేది. ఆ ఒక్క మాటే. ఒకసారి పనిమీద బడి ముందు నుంచి పోతూ యమునాబాయి కిటికీలోంచి విన్నది. పిల్లలందరూ ఒక్కసారి ఊపిరి తీసుకున్న చప్పుడు, గదంతా ఉబ్బినట్టు, ఆ తర్వాత పాఠం. పార్వతీబాయి కూతురు బీడీ ఆకుల చేట బడికి తెచ్చుకునేది, ఇంటికి పోయేసరికి ఆకులు కత్తిరించి ఉండకపోతే తల్లి కొడుతుందని. ఇంకొక పంతులమ్మైతే చేట బయట పారేసేది. మంగళ గంట కొట్టేదాకా కత్తిరించుకోనిచ్చి, గంట కొట్టాక ఆ చేట తీసి తన బల్ల కింద పెట్టుకునేదట. అందుకే పార్వతీబాయికి ఇంత నోరు. ఆ ఇంటికి మంగళ అంటే దేవత. దేవతతో ఒకే ఇంట్లో ఉండటం ఎంత కష్టమో వాళ్ళకేం తెలుసు.

పోగు తెగింది. దత్తాత్రి వంగి అతికాడు. "అమ్మా, కొద్దిగ జల్ది" అన్నాడు, అంతే. జల్దీయే నడుస్తోంది, ఆకాశమే నడవటం లేదు. మిల్లు భోంగా కూసింది. తొమ్మిది. హౌదు దగ్గర జనం పోగవుతుంటారు. తను ఎప్పుడూ ఆ హౌదు చూడలేదు. సోలాపూర్‌లో పుట్టి పెరిగిన మనిషి, తమ కులదేవుడు మార్కండేయుడి గుడి తెలుసు, సిద్ధేశ్వరుడి గుడి తెలుసు, బజారు తెలుసు, ఆ ఒక్క దారి తెలియదు. తెలుసుకోకుండా మూసుకుంది. ఎట్లా మూసుకుందంటే, బెల్లం పొట్లంతో.

కొట్టు నుంచి బెల్లం తెప్పించి పొట్లం విప్పితే కాగితం మీద కోడలు. మరాఠీ పత్రికలో ఫొటో, నల్లటి బిగుతు బట్ట, మోకాళ్ళ పైదాకా కాళ్ళు, భుజాలు రెండూ బయట, నీళ్ళ గట్టున చేతులు చాచి నిలబడి ఉంది. చుట్టూ పళ్ళికిలించి చూస్తున్న మగవాళ్ళు. లలితకప్పుడు రెండేళ్ళు. పిల్లను బడి ఆయా దగ్గర పెట్టి పోటీకి పోయిందని, గెలిచిందని, ఎవరికీ చెప్పలేదని అప్పుడు తెలిసింది. ఆ కాగితం ఇంకెన్ని ఇళ్ళలో బెల్లం చుట్టుకుపోయిందో. చింతపండు కూడా. యమునాబాయికి చెవులు గుయ్యిమన్నాయి. ఆ రోజూ గల్లీలో పడుగుంది, అప్పుడే గంజి పెట్టారు. మంగళ బడి నుంచి వస్తోంది. గల్లీ జనమంతా చూస్తుండగా కాగితం ఆమె మొహం ముందు ఆడించి, "నా ఇంటి ఆడది గిట్ల బట్టల్లేకుంట నీళ్ళల్ల దిగుడు ఈ కండ్లతోటి చూడ. పడుగు మీద ఒట్టు. మార్కండేయుని మీద ఒట్టు" అని అరచెయ్యి ఎత్తి తడి పడుగు మీద కొట్టినట్టు వేసింది. సాలోళ్ళ ఇంట్లో మగ్గం మీద, పడుగు మీద వేసిన ఒట్టు తప్పిన వాళ్ళను ఆమె ఎరగదు. కడుపు మాడ్చుకున్న వాళ్ళను ఎరుగును, ఊరొదిలి పోయిన వాళ్ళను ఎరుగును, తప్పిన వాళ్ళను మాత్రం లేదు. చెయ్యి తీస్తే పోగులు అరచెయ్యంత మేర ఒకటిగా అంటుకుపోయి ఉన్నాయి. మంగళ సంచీ కింద పెట్టి, కొంగు దోపి, ఆ అచ్చు మీద వంగి పోగు పోగూ గోటితో విడదీయడం మొదలుపెట్టింది. "ఒట్టు నీది అత్తమ్మా. పోగులేం పాపం జేసినయి?" అంది. గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఎదురు తిరిగి ఉంటే ఒట్టు అప్పుడే చప్పబడిపోయేదేమో. ఆమె పోగులు విడదీస్తూ ఉంటే ఒట్టు మాత్రం బిగుసుకుంది.

ఆ మరుసటి నెల బొంబాయి పోటీలకు పేరొచ్చింది, మంగళ పోలేదు. తన ఒట్టే గెలిచిందనుకుని యమునాబాయి ఆ శనివారం గుళ్ళో రెండు దీపాలు ఎక్కువ పెట్టింది. ఒట్టు కాదు, లలితకు తట్టు పోసింది. పదకొండు రోజులు వేపమండ పట్టుకుని పిల్ల పక్కనే కూర్చుని, ఎక్కడా నడుం వాల్చకుండా, పిల్ల ఊపిరి తీసినప్పుడల్లా తనూ ఊపిరి తీస్తూ. మంగళ అట్లాంటి తల్లి. ఆ సంగతి యమునాబాయి ఎప్పుడూ కాదనలేదు. బిడ్డ ఎంగిలి ముద్ద పారేయకుండా తినేది, బడికి పోతే మధ్యాహ్నం ఒక్క గంట కోసం ఎండలో పరుగెత్తుకొచ్చి పిల్ల నోట్లో నాలుగు ముద్దలు పెట్టి మళ్ళీ పరుగెత్తేది. గెలిచిన కప్పులో పిల్లకు పాలు పోసిచ్చేది. అంత పేరు తెచ్చిన కప్పు, పాలగిన్నె. కప్పు చెవి ఊడిపోయింది. మంగళ నవ్వింది. నీళ్ళలో ఇంకా ఎక్కువ నవ్వుతుందని బడి పిల్లలు చెప్పేవాళ్ళు. ఈ ఇంట్లో అది నవ్వడం ఎన్నిసార్లు చూశాను, వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

"యమునక్కా, ఓ చుక్క పడ్డట్టుంది" అని అరిచింది పార్వతీబాయి.

"నీ నోట్ల మన్ను."

చుక్క కాదు, కాకి రెట్ట. ఇద్దరూ నవ్వారు. దత్తాత్రి కూడా మీసంలో నవ్వాడు. నవ్వు ఆగాక గల్లీ మరింత ఇరుకైంది. అటూ ఇటూ గోడలు, నెత్తిన మబ్బు, నడుమ ఆరని పడుగు, దాని పక్కన తను. మగ్గం గుంటలో కూర్చున్నా ఇంతే, నడుము దాకా భూమిలో ఉంటాం. గుంట నుంచి గల్లీకి, గల్లీ నుంచి గుంటకు. తన అత్త ఇట్లాగే నడిచింది, ఆమె అత్త కూడా. ఎవరూ నీళ్ళలో దిగలేదు, దిగాలనుకోలేదు. అనుకున్నారో లేదో ఎవరికి తెలుసు, ఎవరూ అడగలేదు కదా.

గంజి కుండ. ఒట్టు వేసిన మూడేళ్ళకు ఒకనాడు, దింపి పక్కన పెట్టిన గంజి కుండ మీద అయిదేళ్ళ లలిత పరుగెత్తుకొచ్చి పడింది. తొడ నుంచి మడమ దాకా. ఆ అరుపు ఇప్పటికీ గంజి ఉడికే వాసనలో వినిపిస్తుంది. పుండు మానింది, మానుతూ మానుతూ చర్మం లోపలికి లాగి మోకాలు మడతబడిపోయింది. పిల్ల కాలు చాచలేకపోయింది. ఆసుపత్రిలో ఇక ఇంతే అన్నారు. యమునాబాయి నువ్వుల నూనె రాసింది, మార్కండేయుడికి మొక్కింది, నలభై రోజులు ఒంటిపూట తిన్నది. మంగళ మాత్రం తెల్లవారక ముందే పిల్లను భుజాన వేసుకుని హోట్గి రోడ్ వైపు నడిచేది, తోటబావికి, బడి వేళకు తిరిగొచ్చేది, ఇద్దరి తలలూ తడి. వానకాలం, చలికాలం, ఎండకాలం. దత్తాత్రి ఒక్కడే ఒకసారి వెళ్ళి చూసొచ్చాడు. ఏం చేస్తుందిరా అని అడిగితే, "నీళ్ళల్ల పండుకోవెడతది. పోరి కొట్టుకుంటది. కాలు తనంతట తనే చాపుతది" అన్నాడు. వాడి జీవితంలో అంత పొడుగు మాట అదే. ఏడాది తిరిగి మరో ఆరునెలలకు ఒకనాడు లలిత గడపకు ఆ పక్కన నిలబడి, రెండు కాళ్ళ మీద, సమంగా నిలబడి, నాయనమ్మా చూడు అంది. నడిచింది. యమునాబాయి నూనె గిన్నె జారవిడిచింది. కోడలి మొహం రెండు చేతుల్లో పట్టుకుని మెటికలు విరిచింది. "దేవుడు చూసిండు బిడ్డా" అంది. మంగళ తల ఊపి, "చూసిండు అత్తమ్మా. ఆయన గూడ నీళ్ళల్లనే ఉండె" అంది. తప్పు పట్టాలో వద్దో తెలియలేదు. ఆ సంతోషంలో తప్పు కనబడలేదు. "నీకేమియ్యాలె? అడుగు, ఏదన్న అడుగు" అంది. మంగళ అడిగింది. నగ అడగలేదు, చీర అడగలేదు. "ఒక్కపారి ఒచ్చి నన్ను చూడు. నేను ఈదంగ. ఊరంత చూసింది, నువ్వే చూడలె."

"చూస్త" అంది యమునాబాయి. గట్టిగానే అంది. పిల్లను ఒళ్ళో పెట్టుకుని, కళ్ళ నీళ్ళతో, మొక్కు తీరిన మనిషి చెప్పినట్టే చెప్పింది.

కుంచె చివర తగిలి ఒక పోగు మెలి పడింది, చూసి సరిచేసింది. చూస్త అన్న మాట నోట్లోంచి పోయిన మరుక్షణమే ఒట్టు గుర్తొచ్చింది. ఆ మరుసటి ఆదివారం చెప్పులేసుకుని గల్లీ చివరిదాకా పోయింది. అక్కడ ఎవరిదో పడుగు పరిచి ఉంది. దాని ముందు నుంచి దాటి పోలేకపోయింది. వెనక్కు తిరిగింది. వచ్చే వారం చూస్త బిడ్డా. వచ్చే నెల. పండగెళ్ళాక. మంగళ ఎప్పుడూ గుర్తు చేయలేదు. పొద్దున బావికి పోయేముందు గుమ్మంలో ఒక్క గడియ ఆగి, చెప్పులు వెతుకుతున్నట్టు వెతికి, పోయేది. ఆమె చెప్పులు ఎప్పుడూ గుమ్మంలోనే ఉండేవి. ఇంత చిన్న బాకీ, కూర్చుని కళ్ళు తెరిచి ఉంటే తీరిపోయేది, ఐదేళ్ళు మోసింది తను. బియ్యం బాకీ ఉంటే మరునాడే కొలిచి పోసేది. పోయినేడు మంగళకు కామెర్లు. కళ్ళు పసుపు, గోళ్ళు పసుపు, ఆ భుజాలు దుప్పటి కింద పిల్లవాడి భుజాల్లా అయిపోయాయి. మందు తాగించబోతే తల తిప్పి, "అత్తమ్మా, లలితను నీళ్ళకు దూరం జెయ్యకు. కాలు మల్ల గుంజుకపోతది" అంది. తన మాట ఎత్తలేదు, తనకు రావలసింది అడగలేదు, పిల్ల కాలు ఒక్కటే. ఆడవాళ్ళు చాటు కట్టి ఆఖరి స్నానం చేయిస్తుంటే యమునాబాయే చెంబుతో నీళ్ళు పోసింది. పోస్తూ పోస్తూ చెయ్యి ఆగిపోయింది. కోడలిని నీళ్ళలో చూడటం అదే మొదటిసారి. కళ్ళు మూసుకుని ఉంది. అది చూసినట్టు కాదు. అట్లా చూస్తానని చెప్పలేదు.

"అమ్మా, ఇంక గంటన్న వడ్తది" అన్నాడు దత్తాత్రి, మబ్బు వైపు చూసి. ఆ తర్వాత మామూలుగా ఊరుకునేవాడు, ఊరుకోలేదు. "నిన్న గంజి కలిపేటప్పుడు రేపు మొగులుంటదని జెప్పిన నీకు."

చెప్పాడు. నిజమే. సాయంత్రమే మబ్బు కమ్మింది. యాభై ఏళ్ళుగా పడుగులు చేస్తున్న చెయ్యి, తుంపర వాసన ఆమడ దూరం నుంచి పసిగట్టే ముక్కు, తెలియక కలిపిందా గంజి? నూలుకేమీ తొందర లేదు, షావుకారు అడగలేదు, మగ్గం మీద ఇంకా పాత పడుగు నాలుగు చద్దర్లకు సరిపడా ఉంది. యమునాబాయి నడక ఆగలేదు గాని లోపల ఏదో ఆగింది. ఎండ ఉంటే పడుగు ఎనిమిదికే ఆరిపోయేది, హౌదుకు పోవలసి వచ్చేది. ఆరకూడదు. అందుకే మబ్బు రోజు. ఎవరూ కట్టేయలేదు, తనే తాళ్ళు పేని, గంజి పెట్టి, రెండు గుంజలకు బిగించి, నడుమ తాను నిలబడింది. పిల్లకు తెలుసు. పోనీ లే అన్నప్పుడు మబ్బు వైపు చూసింది కదా, సాలోళ్ళ పిల్ల కదా, తెలియకుండా ఎట్లా ఉంటుంది.

కోపంలో అన్న మాటకు పదేళ్ళు కాపలా కాశాను స్వామీ, సంతోషంలో అన్న మాటకు ఒక్క పూట కూడా కాయలేదు. రెండూ ఈ నోటివే, రెండూ నువ్వు విన్నవే. ఏది పెద్దదో నువ్వెప్పుడూ చెప్పలేదు, చెప్పవు కూడా. నేనే కోపాన్ని పెద్దపీట వేసి కూర్చోబెట్టి దానికి నీ పేరు పెట్టుకున్నానా? తప్పితే ఏమవుతుంది, కళ్ళు పోతాయా? పోనీ. ఎట్లాగూ మసకలు వచ్చాయి. ఉన్న చూపు దేనికి దాచిపెట్టుకుంటున్నాను? పాపముంటే నా నెత్తిన వేయి, పిల్ల కాలికి అంటనీయకు. శనివారం గుడికొచ్చి నీ ముందే నిలబడతాను, కొబ్బరికాయ లేకుండా, వట్టి చేతులతో.

"పార్వతీ."

"ఏందక్కా?"

"చేట కింద వెట్టి ఇట్రా. కుంచె పట్టు."

పార్వతీబాయి నోరు తెరిచింది. తడి పడుగు మీద యమునాబాయి చెయ్యి మారడం ఈ గల్లీలో ఎవరూ చూసి ఎరగరు. "అగబాయీ! నీ పడుగు నా చేతికా? పోగు తెగితె నన్ను గాల్చుక తింటవ్."

"తెగితె అతుకుదువు. దత్తూ, పార్వతత్త అడుగుకు అడుగెయ్యి, తొందరపడకు" అంది. కుంచె ఇస్తుంటే వేళ్ళు ఒక క్షణం విడవలేదు. పార్వతీబాయి లాక్కుంది. దత్తాత్రి తల్లి వైపు చూశాడు, ఊ అన్నాడు. ఆ ఊలో ఏముందో అడిగే తీరిక లేదు, గంజి చేతులు కొంగుకు తుడుచుకుంటూనే గల్లీ దాటింది.

దారి తెలియదు, అడుక్కుంటూ పోయింది. చెప్పులు మరిచిందని సగం దూరం పోయాక తెలిసింది. మోకాళ్ళు మొదట ఏడ్చాయి, తర్వాత ఊరుకున్నాయి. హౌదు గోడ కనిపించేసరికి జనం ఎదురొస్తున్నారు. సైకిళ్ళు, తడిజుట్టు పిల్లలు, బెలూన్లు అమ్మేవాడు బుట్ట సర్దుకుంటున్నాడు. అయిపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టి, "ఆజీబాయీ, బంద్ ఝాలా" అన్నాడు, మూసేశామని. మనవరాలుంది లోపల అని మరాఠీలో అంటూనే ఆ చేతి కింది నుంచి దూరి వెళ్ళింది. ఎంత పెద్ద నీళ్ళు! ఇంత నీలంగా ఉంటాయని ఎవరూ చెప్పలేదు. మెట్ల మీద లలిత ఒక్కతే కూర్చుని జడలు పిండుకుంటోంది. మంగళది లాంటి నల్లటి బట్ట, దాని మీద తువ్వాలు. ఎడమకాలి మీద మచ్చ పొడుగునా మెరుస్తోంది. నాయనమ్మను చూసి లేచి నిలబడింది, తువ్వాలు లాక్కుని గబగబా కాళ్ళు కప్పుకుంది.

"అయిపోయింది నాయనమ్మా."

"ఎన్నోదానివొచ్చినవ్?"

"నాలుగు."

"ఎంతమందిల?"

పిల్ల తువ్వాలు కొస పిండుకుంది. "ఐదుగురే."

"మంచిదే. ఒకతె ఎనుకబడ్డది గదా." పిల్ల నవ్వాలా వద్దా అన్నట్టు చూసింది. యమునాబాయి మెట్టు మీద చతికిలబడి ఆయాసం తీర్చుకుంది. "మల్ల దిగు" అంది.

"పోటీ అయిపోయిందంటిని గదా."

"పోటీ ఎవలకు గావాలె? దిగు. ఆ కొస దాంక పోయి రా. తువ్వాలు నాకియ్యి."

వాచ్‌మన్ తాళాలు ఆడిస్తూ వచ్చాడు. యమునాబాయి వాడి వైపు తిరిగి, గల్లీ అంతా భయపడే గొంతుతో, "జరా థాంబా" అంది. వాడు ఆగాడు. లలిత తువ్వాలు విడిచి ఆమె చేతిలో పెట్టింది. అంచున నిలబడి గట్టిగా ఊపిరి తీసుకుంది. దూకింది.

యమునాబాయి చూసింది. తల తిప్పలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. నీళ్ళు చీలాయి, మూసుకున్నాయి, అంత దూరాన పిల్ల తల పైకొచ్చింది. చేతులు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి, ఆ కాలు, మడతబడి చచ్చిన ఆ కాలు, నిటారుగా చాచుకుని నీటిని తంతోంది. భుజాలు వెడల్పవుతున్నాయి ఈ పిల్లకు, రవికలు పెద్దవి కుట్టించాలి. కళ్ళు మండినా రెప్ప వేయలేదు, ఎక్కడ కొంత తగ్గిపోతుందోనని. ఆ కొసకు పోయి, గోడ తట్టి, తిరిగింది. వస్తోంది. దగ్గరికొచ్చి మెట్టు పట్టుకుని, మొహం మీది నీళ్ళు తుడుచుకోకుండానే, నాయనమ్మ మొహంలోకి చూసింది.

"చూసిన" అంది యమునాబాయి.

ఎవరితో అంటున్నావని లలిత అడగలేదు. రెండు మెట్లు కింద, నీళ్ళలోనే, ఊపిరి తీసుకుంటూ ఉండిపోయింది.